మాణిక్యాంబ కుడిచెయ్యి

మాణిక్యాంబ కుడి అరచేతిని కాలుతున్న పెనం మీద పెట్టి అదిమింది. కమురు వాసనకి పరిగెత్తుకొచ్చిన మొగుడు పాండురంగారావు జుట్టు పట్టుకుని ఇవతలికి లాగాడు. లాగుతూనే రెండు తగిలించాడు కూడా. ఆ ఇంట్లో జాలి కూడా దెబ్బగానే వచ్చేది.

ఆమెకి ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. అది కోడలి చేతి దోషమంది అత్త వెంకటరత్నమ్మ. అన్నది అత్త, నమ్మింది కోడలు. ఏడాదిగా తిండి లేదు, నిద్ర లేదు, గోడకేసి చూస్తూ కూర్చోవడమే. తను ముట్టుకున్నదల్లా చస్తుందన్న ఒక్క మాటే బుర్రని తొలిచేసేది. అందుకే చెయ్యి కాల్చుకుంది.

కొల్లూరులో బస్సెక్కించి తెనాలి తీసుకెళ్ళారు. అక్కడ గౌరీశంకరం గారని, మద్రాసులో మనోవ్యాధుల వైద్యం చదివి డెబ్భై అయిదులో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టరు. చేతికి కట్టు కట్టి, ఇది దిగులు జబ్బన్నాడు. తర్వాత ఒక ప్రశ్న వేశాడు.

"నీ చెయ్యి తగిలితే చస్తారని రుజువేంటమ్మా?"

"ఇద్దరు పోయారు కదండి."

"మీ ఆయన ఇన్నేళ్ళుగా నీ చేతి అన్నమే తింటున్నాడు. దుక్కలా ఉన్నాడుగా."

"అది లెక్కలోకి రాదండి."

"ఎందుకు రాదు?"

ఆ రోజు నుంచీ ఆయన వైద్యమంతా అదే. భయపడేదాన్ని ముట్టుకోవాలి. ఏమవుతుందనుకుంటున్నదో ముందే చెప్పుకోవాలి. తర్వాత నిజంగా ఏమైందో చూడాలి. అరటి పిలక నాటింది, వేరు పట్టింది. దూడకి కుడితి పెట్టింది, గెంతులేసింది. మెల్లగా అన్నం సయించసాగింది. పురిటికొచ్చిన ఆడపడుచు పున్నమ్మ బిడ్డని ముట్టుకోవడం మాత్రం మిగిలిపోయింది. ఆ ఉయ్యాల వైపు వెళ్ళేదే కాదు.

ఓ ఉదయం ఉయ్యాల్లో బిడ్డ మూలుగుతోంది. గుండె చిక్కబట్టుకుని మాణిక్యాంబ నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది. బిడ్డని ఎత్తుకుని, "పున్నమ్మా, జ్వరం పేలిపోతోంది. తెనాలి పోదాం పద" అంది.

వెంకటరత్నమ్మ వచ్చి బిడ్డని లాక్కుంది. "ఒరే పాండురంగం, ఇది ముట్టుకుంది, జ్వరమొచ్చింది" అని కొడుకుని కేకేసింది. ముట్టుకోకముందే ఒళ్ళు కాలుతోందన్న కోడలి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పాండురంగారావు పెళ్ళాన్ని కొట్టంలోకి ఈడ్చి గుంజకి కట్టాడు. ముల్లుకర్ర విరిగేదాకా కొట్టాడు. వీపు చిట్లి రవిక నెత్తురుతో అతుక్కుపోయింది. ఇంట్లో పున్నమ్మ బిడ్డతో గడప దాటకుండా, చేతి దోషానికి డాక్టరేం చేస్తాడంటూ వెంకటరత్నమ్మ తలుపుకి అడ్డంగా కూర్చుంది.

దెబ్బ పడ్డప్పుడల్లా, నీవల్లేనన్న పాత మాట లేచేది. జ్వరం ముందా, చెయ్యి ముందా అని మాణిక్యాంబ దాన్ని నిలదీసేది. జ్వరమే ముందు. మళ్ళీ దెబ్బ, మళ్ళీ అదే ప్రశ్న. అరవడానికి ఓపిక పోయినా అడగడం మానలేదు.

మధ్యాహ్నానికి బిడ్డకి ఫిట్సు వచ్చాయి. పున్నమ్మ తల్లిని ఒక్క తోపు తోసి, బయటికొచ్చి వదిన కట్లు విప్పింది. ఇద్దరూ బస్సు అందుకున్నారు. తెనాలి రాకముందే ఆ పసిగుడ్డు మాణిక్యాంబ ఒళ్ళో కన్ను మూసింది.

తిరిగొచ్చేసరికి వెంకటరత్నమ్మ వాకిట్లోనే ఉంది. "నీ చెయ్యే మింగిందే" అంది.

పాత మాట లోపల ఇంకా ఉంది. దానికి రుజువు మాత్రం లేదు. మాణిక్యాంబకి ఒళ్ళు మండిపోయింది.

"పొద్దున్నే తీసుకెళ్తే బతికేదత్తయ్యా. నా చెయ్యి చంపలేదు. తలుపుకి అడ్డం కూర్చుంది మీరు."

పాండురంగారావు చెయ్యెత్తాడు. పున్నమ్మ మధ్యకొచ్చి నిలబడింది. ఆ చెయ్యి దిగిపోయింది.

పూడ్చే ముందు బిడ్డకి నీళ్ళు పొయ్యాలి. వెంకటరత్నమ్మ చెంబు అందుకోబోయింది. పున్నమ్మ తల్లి చేతిని విసిరికొట్టి, బిడ్డని మాణిక్యాంబ చేతుల్లో పెట్టింది.

"నువ్వు ముట్టుకోకమ్మా. వదిన పోస్తుంది."