చుట్టాల బల్ల

సాంస్కృతిక శాఖ ఆఫీసు మూడో అంతస్తు వరండాలో ఒక పొడుగాటి చెక్క బల్ల ఉంది. దాన్ని అక్కడ ఎవరు వేయించారో తెలియదు గానీ, పేరు మాత్రం అందరికీ తెలుసు. చుట్టాల బల్ల. ప్రభుత్వం ఏటా నాటకాల వాళ్ళకీ, పాటగాళ్ళకీ, బొమ్మలు గీసేవాళ్ళకీ గ్రాంట్లు ఇస్తుంది కదా, ఎవరికి ఇవ్వాలో తేల్చేది ఆరుగురు మనుషుల కమిటీ. ఎవరి దరఖాస్తు వస్తే వాళ్ళ చుట్టాలు గదిలో ఉండకూడదన్నది రూలు. బుద్ధిగా లేచి వచ్చి ఈ బల్ల మీద కూర్చోవాలి. మంచి రూలే. కాకపోతే రాసిన మహానుభావుడెవరో కళాకారుల గాలి సోకని మనిషి.

కళాకారుల లోకంలో చుట్టం కానివాడెవడండీ? నేర్పినవాడు తండ్రి, కలిసి వేషం కట్టినవాడు అన్న, అవసరానికి మేకప్ పెట్టె అరువిచ్చినావిడ వదిన. అందుకని దరఖాస్తు చదవడం మొదలెట్టగానే ఒకరు "నన్ను బాబాయ్ అంటాడండీ" అని లేస్తారు, ఇంకొకరు "మా ఆవిడని అక్కా అని పిలుస్తాడు" అని లేస్తారు. మూడేళ్ళ కిందట ఒక వేణువు ఆయన దరఖాస్తుకి ఆరుగురూ లేచి వచ్చేశారు. గదిలో ఫ్యానొక్కటే మిగిలిందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. సెక్రటరీకి మాత్రం నవ్వు రాలేదు. తల ప్రాణం తోకకొచ్చి ఆవిడ కొత్త పద్ధతి పెట్టింది. గదిలో ఉండేవాళ్ళు ప్రతి దరఖాస్తుకీ "ఈ వ్యక్తి నాకు ఏమీ కారు" అన్న కాగితం మీద సంతకం పెట్టాలి. అలా పెట్టేవాళ్ళు కనీసం నలుగురుండాలి. తగ్గితే ఆ దరఖాస్తు వచ్చే ఏటికి పోతుంది.

సంగీతం టీచరు కమిటీలోకి వచ్చి రెండేళ్ళయింది. ఇన్నాళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ బల్ల మీద కూర్చోలేదు. ముక్కుసూటి మనిషి, ఎవరితోనూ వరసలు కలపదు. "టీచరమ్మకి ఈ లోకంలో చుట్టాలే లేరు" అని పెయింటరు వేళాకోళమాడేవాడు. ఆ మాటకి అందరూ నవ్వేవారు, ఆమె నవ్వేది కాదు.

ఆ రోజు టీ గ్లాసులు తీసేశాక సెక్రటరీ కళ్ళజోడు సర్దుకుని, ఆఖర్లో వచ్చి చేరిన దరఖాస్తు ఒకటి అందుకుంది.

"బొమ్మలాట బృందమండీ. షెడ్డు అద్దెకీ, కొత్త ఆటకీ అడుగుతున్నారు. షెడ్డు ఓనరు నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడట. ఈసారి గ్రాంటు రాకపోతే బృందం మూసేయడమేనని రాశారు. నడిపే ఆవిడ కింద హాల్లో ఉన్నారు, పిలిస్తే వస్తారు."

తబలా మాస్టారు పేరు కూడా చదవనివ్వకుండా లేచాడు. "నేను బయటికి పోవాలమ్మా. ఆ పిల్ల నాకు కూతురి కిందే లెక్క. వేలు పట్టుకుని తాళం నేర్పాను."

"నేనూ అంతే. ఆ బొమ్మల మొహాలన్నీ నేను వేసినవే" అంటూ పెయింటరూ లేచాడు.

పోతూ పోతూ మాస్టారు సంగీతం టీచరు కుర్చీ దగ్గర కాస్త ఆగాడు. ఆమె తలెత్తలేదు. ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

గదిలో చైర్మన్, డాన్సు టీచరు, కాలేజీ లెక్చరరు, సంగీతం టీచరు మిగిలారు. "హమ్మయ్య, నలుగురం ఉన్నాం" అన్నాడు చైర్మన్.

ఆ బొమ్మలాట ఆవిడ సంగీతం టీచరుకి సొంత చెల్లెలు. ఆ సంగతి మాస్టారుకీ పెయింటరుకీ తెలుసు. మిగతావాళ్ళు వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళకి తెలియదు.

ఒకప్పుడు ఆ బృందం అక్కచెల్లెళ్ళిద్దరిదీ. తెర వెనక చెల్లెలు బొమ్మల్ని ఆడించేది, పక్కన కూర్చుని అక్క పాడేది. చెల్లెలి చెయ్యి ఎటు తిరుగుతుందో అక్క గొంతుకి ముందే తెలిసిపోయేది. వాళ్ళ అమ్మ పోయిన రోజు అక్క ఇంట్లో ఉంది, చెల్లెలు ఒక్కతే పిల్లల ఆసుపత్రిలో ఆట ఆడుతోంది. ఆట మధ్యలో కబురందింది. చెల్లెలు ఆట ముగించి వచ్చింది. ఎందుకలా చేశావని అక్క అడగలేదు. గుమ్మంలోనే, నలుగురూ వింటుండగా, "నాకు చెల్లెలు లేదు, పో" అనేసింది. కోపంలో అన్న మాట. ఆ కోపం ఏడాది తిరక్కుండానే చల్లారిపోయింది. ఆసుపత్రిలో మంచాల మీద ఉన్న పిల్లల్ని సగంలో వదిలేసి ఎలా వస్తుందిలే అని కూడా అనిపించింది. కానీ ఫోను చేయలేదు. పెద్దదాన్ని, నేనెందుకు ముందు చేయాలి అని కొన్నాళ్ళు. ఇంత ఆలస్యమయ్యాక ఏ మొహం పెట్టుకుని చేయను అని కొన్నాళ్ళు. అలా అలా ఆరేళ్ళు. మనసులో కోపం లేకుండా మాటల్లేకుండా ఉండటం, కోపంతో ఉండటం కంటే కష్టమని ఆమెకి బాగా తెలిసొచ్చింది.

లెక్చరరు దరఖాస్తు తిరగేస్తూ నొసలు చిట్లించాడు. "ఇదేంటండీ, ఆటలో పాట లేదని రాశారు? పాట లేకుండా బొమ్మలాటేంటి?"

"పాడే మనిషి లేరట సార్. ఆరేళ్ళుగా అలాగే ఆడుతున్నారట" అంది సెక్రటరీ.

"పాడేవాళ్ళకేం కరువు? ఎవరో ఒకరిని పెట్టుకోవచ్చుగా" అంది డాన్సు టీచరు.

"పెట్టుకోలేదట. ఎందుకన్నది రాయలేదు."

సంగీతం టీచరు మంచినీళ్ళ గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

సంతకాల కాగితం టేబుల్ చుట్టూ తిరిగి ఆమె ముందుకొచ్చింది. పైన మూడు సంతకాలున్నాయి. నాలుగోది పెడితే చెల్లెల్ని లోపలికి పిలుస్తారు, నాలుగు ప్రశ్నలడుగుతారు. షెడ్డు నిలబడుతుంది. బయటున్న ఇద్దరూ చచ్చినా నోరు విప్పరు. ఎవరికీ ఏమీ తెలియదు. అయినా కొత్తగా చేస్తున్నదేముంది, గుమ్మంలో నిలబడి నోటితో అన్నదే ఇప్పుడు పెన్నుతో రాయడం. అప్పుడు చెల్లెలికి చెడు చేస్తూ అంది, ఇప్పుడు మేలు చేస్తూ అంటుంది, అంతేగా. అలా తనకి తాను నచ్చజెప్పుకుంటూ పెన్ను మూత తీసింది. తీశాక ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇదెక్కడి న్యాయం? చెల్లెలని ఒప్పుకుంటే దాని కడుపు మీద కొట్టినట్టు. కాదంటే రెండోసారి గుమ్మంలోంచి పొమ్మన్నట్టు.

"ఏమైనా ఇబ్బందా మేడమ్?" అంది సెక్రటరీ.

ఆమె పెన్ను మూత మళ్ళీ పెట్టేసింది.

"ఆవిడ మీకేమైనా అవుతారా?" అందర్నీ అడిగే ప్రశ్నే, సెక్రటరీ మామూలుగానే అడిగింది.

"చెల్లెలు" అంది సంగీతం టీచరు. మళ్ళీ చెప్పింది. "నా సొంత చెల్లెలండీ. తోడబుట్టింది."

అన్న తరవాత కాసేపు ఆమెకి ఒళ్ళు తేలికైపోయింది. చైర్మన్ కుర్చీలో వెనక్కి వాలి, "అయ్యో, అయితే ముగ్గురమేనా" అన్నాడు. ఆమె లేచి బయటికి నడిచింది.

బల్ల మీదున్న ఇద్దరూ ఆమెని చూసి నోరు తెరిచారు. ముందు తేరుకున్నది మాస్టారే.

"ఏం చేశావే నువ్వు? నోరు మూసుకుని ఒక్క సంతకం గీకి ఉంటే పనైపోయేదిగా."

"చెయ్యి రాలేదు బాబాయ్." చిన్నప్పటి పిలుపు, అనుకోకుండా వచ్చేసింది.

"ఆరేళ్ళు రాని నోరు ఇవాళే రావాలా? అది కూడా ఆ గదిలోనే రావాలా? ఇంటికెళ్ళి చెప్పొచ్చుగా దానికి."

మాస్టారన్నదాంట్లో తప్పేం లేదు. నిన్న చెప్పినా సరిపోయేది, రేపు చెప్పినా సరిపోయేది. పెయింటరు కాస్త జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుంది.

సెక్రటరీ ఫైలు చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. ఆవిడ మొహం కూడా వాడిపోయి ఉంది. "కోరం లేదు సార్. వచ్చే ఏడు చూద్దాం. కిందున్నావిడకి నేనే వెళ్ళి చెప్పాలి."

"కాస్త ఆగమ్మా" అన్నాడు మాస్టారు. "మీ రూల్లో చుట్టాలంటే ఎవరు?"

"రక్తసంబంధం, లేకపోతే పెళ్ళి సంబంధం సార్. లేదా ఆ పనిలో మన చెయ్యి ఉన్నా సరే. ఇన్నాళ్ళూ ఇదే మొత్తుకుంటున్నాను, ఎవరైనా చెవిన వేసుకుంటేగా. పెయింటరు గారు బొమ్మలకి రంగులేశారు, ఆయన రాకూడదు. మీరు మాత్రం..."

"నాకూ దానికీ రక్తం లేదు, పెళ్ళిళ్ళు లేవు. ఆ బృందంతో పనీ లేదు."

"లేనట్టయితే మీరు లోపలికి రావచ్చు. కాకపోతే సంతకం పెట్టాలి మరి."

సెక్రటరీ కాగితం చాపింది. మాస్టారు దాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. ఈ వ్యక్తి నాకు ఏమీ కారు. ఎంతో మంది కాగితాల మీద చకచకా సంతకం పెట్టిన మనిషే. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ చదివాడు.

"కొంచెం మార్చి రాయొచ్చా? చుట్టరికం లేదని, అలా?"

"అచ్చు వేసిందండీ. మార్చకూడదు."

"జ్వరమొస్తే రాత్రంతా ఒళ్ళో పడుకోబెట్టుకున్నానమ్మా దాన్ని. వాళ్ళ అమ్మ పోయాక ప్రతి ఆదివారం వచ్చి మా ఇంట్లోనే తింటుంది." ఎవరితో చెబుతున్నాడో ఆయనకే తెలియనట్టు చెప్పాడు. తరవాత కాగితం మోకాలి మీద పెట్టుకుని, గట్టిగా నొక్కి సంతకం పెట్టాడు. లేస్తూ సంగీతం టీచరు నెత్తి మీద చిన్న మొట్టికాయ వేశాడు. "మీ ఇద్దరి మూలాన చూడు నా బతుకు" అని లోపలికి వెళ్ళాడు.

సెక్రటరీ మెట్ల దగ్గరికెళ్ళి కిందికి కేక వేసి, లోపలికి పోయింది. కాసేపటికి చెల్లెలు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. భుజాన పెద్ద గుడ్డ సంచి, అందులోంచి ఒక బొమ్మ చెయ్యి బయటికి వేలాడుతోంది. జుట్టు చెవుల దగ్గర నెరిసింది. అక్కకి అది కొత్త. పెయింటరు ఏదో గుర్తొచ్చినవాడిలా లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

చెల్లెలు బల్ల దగ్గర ఆగిపోయింది. అది ఏ బల్లో ఆ ఊళ్ళో కళాకారులెవరికీ చెప్పక్కర్లేదు.

"ఇక్కడ కూర్చున్నావేంటి?"

"కమిటీలో ఉన్నాను."

"కమిటీలో ఉంటే లోపలుండాలిగా."

"చుట్టాలు ఉండకూడదట."

"వాళ్ళకెవరు చెప్పారు?"

"నేనే."

చెల్లెలి కళ్ళు చిన్నవయ్యాయి. "చెబితే నాది ఆగిపోతుందని తెలుసా?"

"తెలుసు."

"తెలిసే చెప్పావా?"

అక్కకి అబద్ధమాడాలని లేదు, నిజం ఎలా చెప్పాలో తెలియలేదు. "కాదని రాయమన్నారే. రాద్దామనే పెన్ను తీశాను, నీ కోసమే. ఒకసారి అన్నది చాలదా, మళ్ళీ నా వల్ల కాలేదు. కావాలంటే తిట్టు."

చెల్లెలు తిట్టలేదు. పెదవులు బిగబట్టింది. లోపల్నుంచి సెక్రటరీ పిలిచింది. తరవాత గ్రాంటు వచ్చిందిలెండి, అడిగినదాంట్లో సగం. కిందామీదా పడి షెడ్డు నిలబెట్టుకున్నారు. కానీ అప్పటికి ఆ వరండాలో ఉన్నవాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు.

చెల్లెలు భుజాన్నుంచి సంచి దించింది. "బరువుగా ఉంది. కాస్త పట్టుకో అక్కా" అని, ఒళ్ళో పెట్టేసి, కొంగుతో మొహం తుడుచుకుని గదిలోకి వెళ్ళింది.

తలుపు పూర్తిగా మూసుకోలేదు. లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. ఆ తరవాత మాస్టారి గొంతు వినిపించింది.

"కూర్చోండమ్మా. మీ పేరేంటి?"