రాగి మఱవని దెబ్బ

వర్షర్తువు గడచి శరత్తు తొలియడుగు మోపిన యా దినములలో ముక్తాపురి రేవునందు సూర్యోదయము కొలిమి నుండి యప్పుడే వెలికిఁ దీసిన రాగిరేకు వలెఁ గానవచ్చుచుండెను. సముద్రము మీఁదనుండి వీచు నుప్పుగాలి యా పట్టణమునందలి యే లోహమును విడువక యిత్తడిచెంబులను మసకవాఱఁజేసి కంచుగంటలకుఁ బచ్చని చిలుము పట్టించి యినుపగొలుసులను ద్రుప్పునకు మేపుచుండఁగా మనుష్యుల కీర్తి యొక్కటియే యా గాలికిఁ జెడక నిగనిగలాడుచున్నట్లు తోఁచుచుండెను. తోఁచుటయే గాని నిజము కాదు.

అట్టి నిగనిగలాడు కీర్తి గలవారిలో నగ్రగణ్యులు మల్లిమడుగు జగన్నాయకులుగారు. సంస్థానపు ధాన్యపుఁగొటారునకుఁ జిరకాల మధికారిగా నుండి వార్ధక్యమునఁ బ్రాఁతపతకములను ముద్రబిళ్లలను బ్రోగుచేయు వేడుకకు లోనై వానిని నిలుపుటకొక మందిరమును గట్టించి ద్వారముపైఁ దమ పేరు చెక్కించిరి. నలువది బిళ్లలు గల యా యద్దాలబీరువాను విజయదశమి నాఁటి యుదయమున యువరాజావారు తెఱచి చూచుటకును నచ్చటనే జగన్నాయకులుగారికిఁ బ్రజాప్రాణరక్షక బిరుదము నొసఁగుటకును నిశ్చయింపఁబడెను. బిరుదమునకు మూలము నడిమి గూటిలోని రాగిపతకము. ముప్పది యేండ్లకుఁ బూర్వము వచ్చిన యుప్పెనలోఁ గొటారు తలుపు తెఱచి నూఱు ప్రాణములను గాచినవాని కప్పటి పెద్దరాజావారిచ్చినదది. దానిపై జగన్నాయకులుగారి పేరుండెను.

ఆ పేరక్కడి కెట్లు వచ్చెనో యెఱిఁగినది లక్కోజు నూకరత్నము. ఉప్పెననాఁడు తాళపుఁజెవి మొలఁ గట్టుకొని జగన్నాయకులుగారు గుఱ్ఱమెక్కి మెట్టకుఁ బాఱిపోఁగా ఱొమ్ములోఁతు నీటిలో నేడ్చుచున్న జనమును జూచి యామె తండ్రి సన్యాసయ్య యను కంసాలి యులియు సుత్తియుఁ గొనివచ్చి గొలుసు తెగఁగొట్టి యందఱను గొటారు మేడ యెక్కించెను. పెద్దరాజావారు సంతసించి పతకము చేయించి నీ పేరు నీ చేతితోనే కొట్టుకొమ్మనఁగా నాతఁ డక్షరపుటచ్చులతోఁ బేరు లోఁతుగాఁ గొట్టి చివర నొక చిన్న యులిగుర్తు వేసికొనెను. ఎనిమిదేండ్ల నూకరత్నము పట్టుకారు పట్టుకొని యుండెను.

ఆ సంవత్సరమే పెద్దరాజావారు స్వర్గస్థులైరి. ధాన్యము దొంగిలుటకే గొలుసు తెగఁగొట్టినాఁడని జగన్నాయకులుగారు సన్యాసయ్యను జెఱఁబెట్టించి పతకమును లాగికొని పేరు నాకురాతితో నఱగఁదీయించి తమ పేరు కొట్టించుకొనిరి. ప్రాణము దక్కినవారందఱును గొటారు గింజలు తినియే బ్రదుకువారగుటచే నూఱు నోళ్లును మూతపడెను. సన్యాసయ్య చెఱలోనే జ్వరముచే మరణించెను. నాఁటి నుండి నూకరత్నము కాఁపురమున్న యిల్లు దొంగకంసాలి యిల్లయ్యెను. ఆమె పెండ్లి మాట యెవ్వరును దలపెట్టలేదు. పాతలోహమును శుభ్రపఱచుటలో మాత్ర మామెకు సరిజోడు మూఁడు పట్టణములలో లేకుండెను.

జగన్నాయకులుగారు తెలిసియే యామెను బిలిపించిరి. గెలుపు పాతఁబడినప్పుడు దానిని మరల రుచి చూడవలెనను నాశ కొందఱకుఁ గలుగును. వారు వాకిటి పందిటిలోఁ గుర్చీ వేయించుకొని యామె చేతులను గనిపెట్టుచుండఁగా నామె యెనిమిది దినములు పనిచేసెను. కుంకుడునురుగుతోఁ గడిగి నువ్వులనూనెలో నానఁబెట్టి మెత్తపడిన మురికిని వెదురుపుల్లతో గోరి దూదితో నద్ది యెండలో నాఱనిచ్చి యావెనుక గోరువెచ్చని తేనెమైనమును బలుచఁగాఁ బూసెడిది. లోహము తనంతఁ దాను గప్పుకొన్న ప్రాఁతచాయ నొక్క చోటనైనఁ జెడనీయలేదు. మెఱుపు తెచ్చుట యే వంటింటి దాసికైన సాధ్యము; వయస్సును నిలుపుటయే పనితనము. ఇట్లు ముప్పదితొమ్మిది బిళ్లలు ముగిసినవి.

తొమ్మిదవనాఁడు జగన్నాయకులుగారు రాగిపతకము నామె యొడిలోనికి విసరిరి.

“ఏమే రత్నం, పోల్చావా? మీ అయ్య కలవరించిన బిళ్ల.”

“పోల్చాను బాబుగారూ. బరువు చేతికి తెలిసింది.”

“పేరు చదువు, విందాం.”

“మల్లిమడుగు జగన్నాయకులు.”

“ఇంకో పేరుందని చచ్చేదాకా అరిచాడు మీ అయ్య. నీ కళ్లకేటైనా అగుపడుతోందా?”

“లేదు బాబుగారూ.” ఆమె పతకమును ద్రిప్పి చూచి మెల్లఁగా ననెను. “దీన్నీ నూనెలోనే పెడతాను. పులుపు మాత్రం తగలనియ్యకండి. పులిసిన కాడినీళ్లలో ఉప్పూ నవాసారం మైలుతుత్తం కలిపి ముంచితే అద్దంలా మెరుస్తుంది గానీ, రాగికి మంచిది కాదు.”

“ఓసి నీ తెలివి మండా! నా బిళ్లొక్కటే మసిబారి ఉండాలనా? రాజుగారొచ్చేసరికి ఇది భగభగా మెరవాలి.”

“వద్దు బాబుగారూ. మా అయ్య కూడా పులుపు పెట్టొద్దనేవాడు.”

“మీ అయ్య వద్దన్నాడా? అయితే పెట్టాల్సిందే!”

“అలాగైతే మీ చేత్తోనే ముంచండి. రేపేటైనా అయితే నన్ననకూడదు.”

సరకును బొగడు వర్తకుని జనులు శంకింతురు. అమ్మనని గుడ్డ కప్పువాని వెంటఁబడుదురు. నూకరత్నము పలికిన పలుకులలో నొక్కటియు నబద్ధము లేదు. ఎట్లైనను బులుపు రాగికిఁ జెఱుపే. ఆమె చెప్పక దాఁచినదొక్కటి. అచ్చుతోఁ గొట్టిన దెబ్బ పైయక్షరముతోనే యాఁగదు. దాని క్రింది రాగి లోలోపల నడఁగి బిగిసి యుండును. ఆకురాయి యక్షరమును దినును గాని యా బిగువును దినలేదు. ఘాటైన పులుపు దెబ్బ తిన్నచోటు నొకవిధముగను దెబ్బ తిననిచోటు నొకవిధముగను గొఱుకుటచేఁ బోయిన పేరు నీడవలె మరలఁ బైకి వచ్చును. ఈ మర్మమును దండ్రి యామెకు బాల్యముననే చూపియుండెను. ఆ పులుపు పాత్రలోనికి శత్రువు చేయి తనంతఁ దాను దిగు దినమునకై యామె ముప్పది యేండ్లు కాచుకొని యుండెను.

జగన్నాయకులుగారు కాడినీళ్లు కలిపించి స్వహస్తముతోఁ బతకమును ముంచి పాత్రను బెట్టెలోఁ బెట్టి తాళము వేసి చెవిని మొలఁ గట్టుకొనిరి.

విజయదశమి నాఁటి ప్రాతఃకాలమున దానిని వెలికిఁ దీసి కడుగఁగాఁ బతకము లేత సూర్యునివలెఁ బ్రకాశించెను. ముసలికన్నులకు వెలుఁగు మాత్రమే కనఁబడెను గాని వెలుఁగులోని నీడ కనఁబడలేదు. చూచితివా యని వారు నవ్విరి. చూచితినని యామె యెన్నఁడును లేనంత శ్రద్ధతో దానిపై మైనము పూసి యా నీడను నిలిపెను.

మందిరమునఁ బురజనులు క్రిక్కిఱిసి యుండిరి. యువరాజావారు పతకము నెత్తి కిటికీవెలుఁగున కేటవాలుగాఁ బట్టి కనుబొమలు ముడిచిరి.

“నాయకులుగారూ, మీ పేరు క్రింద మఱియొక పేరున్నదే. లక్కోజు సన్యాసయ్య. ప్రక్కను ఉలిగుర్తు. ఎవరీతఁడు?”

అంతట జనములో నుండి యొక ముదుసలి లేచెను. ఉప్పెననాఁడు చంకలోని బిడ్డతో మేడ యెక్కినది యామె.

“తలుపు తీసింది ఆ కంసాలోడే మారాజా! ఈ బాబు గుర్రం తోక తప్ప నాకేటీ అగుపడ్లేదు!”

పిదప నోళ్లన్నియుఁ దెఱవఁబడెను. నిజము చెప్పిన నష్టము లేని దినము వచ్చినచో నందఱును సత్యవంతులే.

“మాయ! రాత్రికి రాత్రి ఈ రత్నం కొట్టిన పేరు!” అని జగన్నాయకులుగారు కేకలు వేసిరి.

“తాళంచెవి మీ మొలనే ఉంది బాబుగారూ,” అని నూకరత్నము గొంతెత్తక పలికెను. “ముంచింది మీ చెయ్యి.”

బిరుదపత్రము చింపివేయఁబడెను. సన్యాసయ్య నిర్దోషియని యువరాజావారు ప్రకటించి యీ వృద్ధుని నేమి చేయుదమో నీవే చెప్పుమని యామె నడిగిరి. చెఱయో కొరడాయో కోరునని యందఱు నెదురుచూచిరి. ఆమె కోరినది వేఱు.

“చెరలో ఎన్నాళ్లుంటారు మారాజా? ఆ బిళ్లని ఆ నడిమి గూట్లోనే, ఆ రెండు పేర్లతోనే ఉండనివ్వండి. గుమ్మం మీద బాబుగారి పేరూ ఉండనివ్వండి. ఏడాదికోసారి నేనొచ్చి మైనం రాసి పోతాను.”

జనులు వెడలిపోయిన పిమ్మట జగన్నాయకులుగారు బీరువా చెంతకు వంగి బ్రతిమాలిరి.

“రత్నం, నీకు దండం పెడతాను. మీ అయ్య పేరుంచుకో. నా పేరు చెరిపెయ్యవే తల్లీ!”

ఆమె బీరువా తలుపు మూసి యద్దముపై వారి శ్వాస తగిలి మసకవాఱిన చోటును గొంగుతోఁ దుడిచెను.

“చెరిపితే మాత్రం పోతుందా బాబుగారూ?”

ఆ రేవున నుప్పుగాలి నేఁటికిని వీచుచునే యున్నది. గంటలు పచ్చవడినవి, గొలుసులు రాలినవి, మందిరపు గుమ్మముపై పేరు సగము చెరిగినది. నడిమి గూటిలోని రాగి మాత్రము ప్రతి శరత్తునను గ్రొత్త మైనము దాల్చి దొంగ పేరును దొర పేరును నొక్కచోటనే చెడకుండఁ గాచుచు జిగేలుమనుచుండును.