మంచులో తలకొరివి

నేను ఒక వీడియో గేమ్ డిస్కును. తెనాలిలో పాత గేములమ్మే భిక్షాలు మీద నాకు తీరని కోపం. పదకొండేళ్లు నన్ను అద్దాల కౌంటరులో కూర్చోబెట్టి, అడిగిన ప్రతివాడితోనూ "ఇది కొనమాక, కథ తప్పు" అని చెప్పి పంపేశాడు. సొంత సరుకును తిట్టుకునే వ్యాపారిని మీరెక్కడైనా చూశారా?

ఏ దేశంలోనో ఒక యంత్రం నన్ను అచ్చు కొట్టింది. నాలో ఉన్న కథ ఇది. రాజు చనిపోతాడు. పెద్దకొడుకు దూరాన యుద్ధంలో ఉంటాడు. మంచు కురుస్తుండగా చిన్నకొడుకు చితికి నిప్పు పెట్టి రాజ్యం తీసుకుంటాడు. ఆడేవాడు పెద్దకొడుకై తిరిగొచ్చి తమ్ముడితో పోరాడాలి. మద్రాసులో ఒక బ్యాంకు గుమాస్తా నన్ను రెండు ఆదివారాలు ఆడి, విసుగొచ్చి వదిలించుకున్నాడు. సరుకు కోసం వచ్చిన భిక్షాలు నన్ను కొని సంచిలో వేసుకున్నాడు.

ఆ రోజే ఇక్కడ తెనాలిలో అతని తండ్రి పోయాడు. భిక్షాలు ఫోను పనిచేయక కబురు అందలేదు. తమ్ముడు అంకమరావు తలకొరివి పెట్టాడు. కొరివి పెట్టినవాడికే పొలమని ముసలాయన ముందే వీలునామా రాసి ఉంచాడు. మనుషులు పోతూ పోతూ కూడా కొడుకులకు పరీక్ష పెట్టిపోతారు. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. భిక్షాలు నన్ను ఒక్కసారే ఆడి, చితి దగ్గర ఆపేశాడు.

మొన్న వేసవి మధ్యాహ్నం అంకమరావు కొట్టుకొచ్చాడు. చేతిలో కాగితం నా మీది అద్దంపై బోర్లా పెట్టాడు. కిందినుంచి నేను చదివాను. పొలంలో సగం అన్నకు రాసిస్తున్న కాగితం. అన్నకు కనిపించింది కాగితం ఖాళీ వెనకవైపే.

"ఆ గేము ఇవ్వన్నయ్యా. పిల్లలు అడుగుతున్నారు."

"కొనమాక. కథ తప్పు."

"ఏందంట తప్పు?"

"అన్న బతికుండగా తమ్ముడు కొరివి పెడతాడంట్రా?"

"అన్న దొరక్కపోతే? శవాన్ని ఎంతసేపని ఉంచుతాడు?"

"అక్కడ మంచు పడతా ఉంది గదరా! మంచులో నెలైనా పాడవదు. ఆగొచ్చుగా? ఆగలేదంటే రాజ్యం మీద కన్నేగా!"

నన్ను తయారుచేసిన చదువుకున్నవాళ్లకు తట్టని తప్పు, ఏడో తరగతిలో బడి మానేసినవాడు పట్టాడు. నేను కాదనలేను.

అంకమరావు గొంతు తగ్గింది. "ఆటలో మంచే అన్నయ్యా. మనింట్లో రోహిణి కార్తె. సాయంత్రం దాకా నీకోసం చూశా. నాన్న పొట్ట ఉబ్బింది."

ఒక్క "కూర్చోరా" అంటే చాలు. తమ్ముడు దానికోసమే నిలబడ్డాడు. భిక్షాలు ఫ్యాను వైపు చూస్తూ, "గేము సంగతి అడిగితే ఇంటి సంగతులెందుకు? ఆ కాగితం బిల్లో ఏందో, అది తీసుకుని నడువు" అన్నాడు.

అంకమరావు కాగితం మడిచాడు. "నువ్వన్నట్టే కానీలే. తప్పు కథే" అని మెట్లు దిగాడు. దసరా దాటకముందే పొలమంతా అమ్మి గుంటూరు వెళ్లిపోయాడు.

కొట్టు మూతబడింది. ఇప్పుడు నేను పాత సామాన్ల గుట్టలో, విరిగిన కీబోర్డుల కింద ఉన్నాను. యంత్రంలో పెడితే తప్ప నాకు నోరు లేదు. అందుకే ఆ మధ్యాహ్నం తన చేతిలోంచి ఏం జారిపోయిందో భిక్షాలుకు ఈనాటికీ తెలియదు. డెబ్బై మూడున్నర సెంట్ల మాగాణి.