వరహాలమ్మ మధ్యాహ్నం

రోహిణి కార్తె పెట్టిన రెండో రోజున బంగారురాజు పట్టాల పక్కన కంకర మీద పడిపోయాడు. రైలు పట్టాలు బాగుచేసే గేంగుకి మేటు అతను. అప్పటిదాకా మనుషుల మీద కేకలేస్తూ ఉన్నవాడు ఉన్నట్టుండి మాట ఆపేశాడట. చేతిలో సుత్తి జారిపోయిందట. ట్రాలీ మీద పడుకోబెట్టి స్టేషనుకి తోసుకొచ్చారు. కబురు విని వరహాలమ్మ చెప్పులు కూడా లేకుండా ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తింది. మొగుడి ఒళ్లు పెనంలా కాలుతోంది, చుక్క చెమట లేదు.

దంతెవాడ దాటాక కొండల నడుమ ఉన్న చిన్న స్టేషను అది. కిరండోల్ గనుల్లోంచి ఇనపరాయి నింపుకుని విశాఖపట్నం వెళ్లే గూడ్సు బళ్లు ఒకదానికొకటి దారి ఇచ్చుకోవడానికే దాన్ని కట్టారు. పగటిపూట ఒక్క పాసింజరు వస్తుంది, పోతుంది. స్టేషను వెనకాల వరసగా ఆరు క్వార్టర్లు, వాటి మీద ఏడాది పొడుగునా ఎర్రటి దుమ్ము.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతూ డాక్టరు గట్టిగానే చెప్పాడు. "నెల్లాళ్లు ఎండ పొడ సోకకూడదు. నీళ్లు తాగాలి, నీడలో ఉండాలి, ఊరుకుని ఉండాలి."

మొదటి రెండూ బంగారురాజుకి చేతనయ్యాయి. మూడోది చేతకాలేదు.

మొదట్లో వరహాలమ్మ ఏమీ పట్టించుకోలేదు. మనిషి దక్కాడు, అంతే చాలనుకుంది. పిల్లలిద్దరూ సెలవులకి గజపతినగరంలో వాళ్ల అమ్మమ్మ దగ్గరున్నారు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. తడిబట్టతో ఒళ్లు తుడిచింది, పల్చటి మజ్జిగలో ఉప్పు కలిపి పట్టించింది, రాత్రుళ్లు విసిరింది. కాస్త ఓపిక రాగానే అతను మంచం దిగి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అతను ఇంట్లో ఉండడం అదే మొదలు. ఇల్లు అతనికి కొత్తగా ఉంది. ఆ వేళప్పుడు అతను వరహాలమ్మకి కొత్తగా ఉన్నాడు.

ఆమెకి మధ్యాహ్నం ఒక అలవాటుంది. వంటా తిండీ అయి గిన్నెలు బోర్లించాక, నడిమి గదిలో ఎర్రగచ్చు మీద చెంబుడు నీళ్లు చల్లి గుడ్డతో లాగేస్తుంది. కిటికీకి కట్టిన గోనెపట్టా తడిపి దించేస్తుంది. తలుపు దగ్గరగా వేసి, చాపైనా లేకుండా ఆ చల్లటి గచ్చు మీద వెల్లకిలా పడుకుంటుంది. నిద్రపోదు. ఏమీ ఆలోచించదు. గోనె తడి వాసన వస్తూంటుంది. బయట లోకం మాడిపోతున్నా తన వీపు కింద చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం మెల్లిగా ఒంట్లోకి ఎక్కి, ఎక్కడో లోపల నిలబడిపోతుంది. కాసేపటికి తను వరహాలమ్మనన్న సంగతి కూడా ఆమెకి గుర్తుండదు.

కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది అది మొదలైంది. అప్పట్లో చుట్టుపక్కల ఒక్క తెలుగు ఇల్లు లేదు. బయట హిందీ, సంతలో హల్బీ, అడవిలోంచి వచ్చేవాళ్లది గోండీ. ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడే దారి లేక పగలంతా ఏడ్చేది. ఒకనాడు గచ్చు మీద పడి ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక, ఆ ఊరుకోవడం బాగుందనిపించింది. తరవాత భాషలు వచ్చాయి, ఇరుగుపొరుగులు వచ్చారు, పిల్లలు పుట్టారు. ఆ గంట మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ నడిమి గదిలో బంగారురాజు మంచం ఉంది. పట్టాలు కనబడాలని అతను గోనెపట్టా ఎత్తి కట్టేస్తాడు. భగ్గుమని వేడిగాలి లోపలికి కొడుతుంది. గూడ్సు వచ్చిందంటే చాలు, "బ్రేకు పట్టేసినట్టుందే, ఆ కీచు ఇన్నావా?" అంటాడు. పోయాక, రావలసిన బండి గురించి మొదలుపెడతాడు. ఇల్లు చల్లబడాలంటే డాబా మీద నీళ్లు కొట్టాలంటాడు. తాగడానికే నీళ్లు మోసుకొస్తున్న రోజులని గుర్తుండదు. వరహాలమ్మ ఓ మూల నడుం వాల్చిందో లేదో మంచం మీంచి వంగి చూస్తాడు.

"ఏటే, ఏటి ఆలోసిస్తన్నావు?"

"ఏటీ లేదు బావా."

"ఏటీ లేకపోతే అలాగ పడుకున్నావేటి? ఒంట్లో బాలేదా?"

అతను ఆమెకి మేనమామ కొడుకు. చిన్నప్పట్నుంచీ ఎరిగిన మనిషి, చెడ్డవాడు కాదు. అందుకే కోపం తెచ్చుకోవడానికి ఆమెకి సిగ్గేసేది. చావు దాకా వెళ్లొచ్చినవాడి మీద విసుక్కుంటే పాపం కాదా అనుకునేది. కానీ వారం గడిచేసరికి తల లోపలంతా ఎండలో వదిలేసిన ఇనపముక్కలా అయిపోయింది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. పక్కింటి దేవుడమ్మ పలకరిస్తే చిరాకుపడింది.

ఒకనాడు అతను "ఏటి ఆలోసిస్తన్నావు" అనగానే లేచి నిలబడింది. తల మీద తడి తువ్వాలు వేసుకుని, మాట చెప్పకుండా తలుపు తీసుకుని ఎండలోకి నడిచింది.

ఎక్కడికి వెళ్లాలో ఆమెకే తెలీదు. అడుగు పెడితే వేడి బూడిదలో నడిచినట్టుంది. స్టేషను చివర నీళ్ల ట్యాంకు ఉంది. దాని అడుగున ఎప్పుడూ కాస్త ఊట కారుతుంది, మన్ను చెమ్మగా ఉంటుంది. ఆ నీడలో పళ్లమ్మే గోండు మనిషి హిడ్మే కూర్చుని ఉంది. పాసింజరు దగ్గర తుమికిపళ్లు అమ్మి, ఎండ వాలేదాకా అక్కడే ఆగి, అప్పుడు అడవిలో తన ఊరికి నడిచిపోతుంది. హిడ్మే ఆమె మొహం చూసింది. బుట్ట పక్కకి జరిపి చోటిచ్చింది. ఎందుకొచ్చావని అడగలేదు. ఆనపబుర్రలోంచి ఆకుదొన్నెలోకి పేజ్ వంచి ఇచ్చింది. మన చోడి అంబలి లాంటిదే అది, బుర్రలో ఉండడం వల్ల చల్లగా ఉంది. ఇచ్చాక, తలకింద చెయ్యి పెట్టుకుని పడుకుని గురకపెట్టింది.

వరహాలమ్మ స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుంది. పైనుంచి ఒక్కొక్క చుక్కా పడుతోంది. ఎన్నాళ్లకో ఆమె మెడ వదులైంది.

మర్నాడూ వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. సాయంత్రం ఇంటికొస్తే బంగారురాజు గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. ఎక్కడికెళ్లావని అడిగేవాడు కాదు. ఆమె కూడా చెప్పేది కాదు. అన్నం మాత్రం సరిగ్గా తినడం లేదని గమనించింది.

తరవాతి రోజు ట్యాంకు కింద కళ్లు మూసుకున్నదల్లా ఎందుకో తెరిచింది. పట్టాల వెంబడి నిప్పులు చెరిగే ఎండలో మనిషి వస్తున్నాడు. తల మీద తువ్వాలుంది. అడుగు తీసి అడుగు వేయడానికి తడుముకుంటున్నాడు. పరిగెత్తి వెళ్లి జబ్బ పట్టుకుని నీడలోకి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. చెమ్మ మన్ను అరచేతుల్తో తీసి పాదాలకి రాసింది. హిడ్మే లేచి అతని తల మీద నీళ్లు పోసింది.

"సచ్చిపోదావనా?" అంది వరహాలమ్మ.

అతను ఊపిరి కూడగట్టుకున్నాడు. "నాను ఇంట్లో ఉండడం నీకంత కష్టంగా ఉందా వరాలూ?"

ఆమె అబద్ధం ఆడదామనుకుంది, నోరు రాలేదు.

"నువ్వుంటే కష్టం కాదు బావా. ఆ యేళప్పుడు నాకు మాటలొద్దు. ఎవులూ నన్ను ఏటీ అడక్కూడదు. గచ్చు మీద పడుకుంటాను. అంతే."

"ఎన్నాళ్లబట్టి?"

"నానొచ్చిన కాడినుంచి."

"మరి నాకెప్పుడూ సెప్పలేదేటి?"

"ఏటని సెప్పను? సెప్పడానికి అక్కడేటీ ఉండదు కదా."

బంగారురాజు మన్ను పూసిన పాదాలకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. నెమ్మదిగా అన్నాడు.

"ఆ రోజు పడిపోయే ముందర సెవుల్లో గుయ్యిమనీసి ఒకటే మోత. తరవాత మొత్తం ఆగిపోయింది. సుత్తి దెబ్బ ఇనబడలేదు, మనుషుల కేకలు ఇనబడలేదు. పోయాననుకున్నాను. ఇప్పుడు ఇల్లు సద్దుమణిగితే సాలు, ఆ గుయ్యి మళ్లీ మొదలవుతాది. నువ్వు కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంటే మరీను. అందుకే ఏదోటి వాగుతాను."

వరహాలమ్మ అతని మొహంలోకి చూసింది. ఇన్ని రోజులూ అతని నోరు చూసింది గాని ఈ భయం చూడలేదు. అతని తల మీద తువ్వాలు తీసి పిండి మళ్లీ కప్పింది.

హిడ్మేకి ఆ మాటలేవీ అర్థం కాలేదు. మరో దొన్నెలో పేజ్ పోసి అతని చేతికిచ్చింది. అతను తాగి మూతి తుడుచుకుని, "మన అంబలే ఇది" అన్నాడు. ఎండ వాలేదాకా ముగ్గురూ అక్కడే ఉన్నారు.

మర్నాడు వరహాలమ్మ మంచం ఎత్తి వెనక వసారాలో వేసింది. గోనె తడిపి దించింది. అతన్ని గచ్చు మీద పడుకోమంది. తను కొంచెం ఎడంగా పడుకుని చెయ్యి చాపి పెట్టింది.

"భయమేస్తే నా సెయ్యి ముట్టుకో. మాటాడకు."

మొదటిరోజు అతను ఆమె చెయ్యి వదల్లేదు. ఆమెకి ఆ గంట దక్కలేదు, కానీ విసుగు కూడా రాలేదు. రెండోరోజు పట్టుకుని వదిలాడు. కొన్నాళ్లు బాగుండేది, కొన్నాళ్లు గూడ్సు రాగానే నోరు తెరిచి, ఆమెకేసి చూసి మూసేసేవాడు. ఒకసారి ఆపుకోలేక "బ్రేకు..." అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. ఆ రోజుకి ఇద్దరికీ ఊరుకోవడం కుదరలేదు.

నెల తిరిగేసరికి డాక్టరు డ్యూటీకి పొమ్మన్నాడు. వానలింకా రాలేదు. కొండలు అలాగే పొగలు కక్కుతున్నాయి. చీకటుండగానే చద్దన్నం తిని సుత్తి భుజాన వేసుకుని అతను వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం ఒక్కర్తీ గచ్చు మీద పడుకుంటే, చాలాసేపు ఆమెకి ఏమీ కుదరలేదు. కుదరకపోతే పోనీలెమ్మని అలాగే ఉండిపోయింది.

సాయంత్రం అతను పెందలాడే వచ్చాడు. కాళ్లు కడుక్కుని గుమ్మంలో కూర్చున్నాడు.

"ఈయేళ ఎండ ముదిరీలోగా పని ఆపించీసాను. పట్టాల కిందున్న తూము నీడలో అందరం కూకున్నాం. కుర్రోళ్లు నన్ను సూసి, మేటుకి మాట పడిపోయిందేటి అనుకున్నారు."

"గుయ్యి వచ్చిందా?"

"వచ్చింది." అతను చెంబు పక్కన పెట్టాడు. "కాసేపుంది. పోయింది."

ఆమె ఇంకేమీ అడగలేదు. లోపలికెళ్లి అన్నం వడ్డించింది.