పై అంతస్తు వాసన

నల్ల ఫినాయిల్ మూతనిండా వంపి పోయగానే బకెట్లోని నీళ్లు పాలు కలిసినట్టు తెల్లబడ్డాయి. రెబెకా వెంటనే గుడ్డ ముంచలేదు. కుచ్చిళ్లు ఎగదోపుకొని, బకెట్ మీదికి వంగి, కళ్లు మూసుకొని ఊపిరి లోపలికంటా లాగింది. ఆ తర్వాతే పని.

మంచిర్యాల స్టేషన్ రోడ్డులోని ఆ లాడ్జిలో కింది అంతస్తంతా తుడిచేది ఆమే. పొట్టి మనిషి. వెడల్పాటి పాదాలు. యాసిడ్ తగిలి తగిలి వేలికొసల గీతలు చెరిగిపోయాయి. రేషన్ దుకాణంలో మిషన్ ఆమె వేలిని ఒక్కసారికి గుర్తుపట్టదు.

ఫినాయిల్, సబ్బు, బ్లీచింగ్ పొడి, ఏదైనా సరే, ఆ వాసనలంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. తల్లి క్యాథరిన్ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. డ్యూటీ దిగి వచ్చిన తల్లి కొంగులో మొహం దాచుకుంటే ఫినాయిలూ ఉడకబెట్టిన గుడ్డల ఆవిరీ కలిసి వచ్చేవి. వాడలో మిగతా పిల్లలకు ఆ వాసన సూదిమందును గుర్తుచేసేది. రెబెకాకు మాత్రం అమ్మ ఇంటికొచ్చిందని చెప్పేది. పెళ్లయిన కొత్తలో భర్త అహరోను మల్లెపూలు తెస్తే వాటిని గూట్లో పెట్టి, అదే సంచిలోని బట్టల సబ్బు కాగితం విప్పి వాసన చూసింది. నిన్ను చేసుకునే బదులు నీకో సబ్బుల దుకాణం పెట్టిస్తే పోయేదని అతను బతికినన్నాళ్లూ నవ్వేవాడు. ఇప్పటికీ కిరాణా కొట్టులో కొత్త సీసా కనిపిస్తే మూత తిప్పి చూడనిదే ఆమె కదలదు.

వానాకాలంలో లాడ్జి చేతులు మారింది. కొత్త యజమాని పై అంతస్తు గదులకు ఏసీలు పెట్టించి, వాటిని తుడవడానికి పెద్ద క్యాన్‌లో ఊదారంగు లిక్విడ్ తెప్పించాడు. మొదటిరోజు ఆ వాసన మెట్ల మీదుగా దిగివచ్చినప్పుడు రెబెకా చేతిలో గుడ్డ ఆగిపోయింది. అది పూల వాసన అనడానికి లేదు. తడిసిన పచ్చి ఆకుల్ని సబ్బునీళ్లలో నలిపినట్టుంది. లాడ్జి తెరిచిన నాటి నుంచీ ఉన్నది తానే కాబట్టి పై అంతస్తు తనదే అనుకుంది. కానీ మేనేజర్ సంపత్ దాన్ని కొత్తగా చేరిన మంజులకు ఇచ్చాడు. నీకు మోకాళ్ల నొప్పులు, ఆమెది చిన్న వయసు అన్నాడు.

మంజులది హుస్నాబాద్‌లో సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద బతికిన పద్మశాలీల ఇల్లు. సాంచెలు ఆగిపోయాక భర్త శ్రీహరి మంచిర్యాలలో బట్టల షాపులో కుదిరాడు, ఆమె లాడ్జికి వచ్చింది. సన్నటి మనిషి, నోట్లో నాలుక లేనట్టుండేది. అయినా రెబెకా ఆమెను చూసి కళ్లల్లో నిప్పులు పోసుకునేది. మధ్యాహ్నం మంజుల కూర పెట్టబోతే గిన్నె పక్కకు జరుపుకునేది. ఆమె పక్క నుంచి వెళ్తే చీరలోంచి ఊదారంగు వాసన తగిలి ఆ పూటంతా రెబెకాకు దేనిమీదా మనసు నిలిచేది కాదు.

అన్నిటికంటే మంటెక్కించేది ఒక ప్రశ్న. రోజూ పొద్దున తుడవడం అయ్యాక మంజుల మెట్ల మలుపు దాకా దిగివచ్చి అడిగేది.

"అక్కా, వాసన మంచిగొస్తుందా?"

తన దగ్గరున్నది చూపించి ఉడికిస్తోందనుకునేది రెబెకా. తలెత్తకుండా "నాకేం వస్తలేదు" అనేది. ఒక్కోరోజు "వట్టి నీళ్ల వాసనే కొడుతుంది" అనేది. మంజుల తిరిగి పైకి వెళ్లేది. కాసేపటికి వాసన ఇంకా చిక్కబడి కిందికి దిగేది. రెబెకా దాన్ని గుండెల నిండా పీల్చుకునేది, పీల్చుకుంటూనే కుమిలిపోయేది.

ఆ రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. కానీ కాసేపటికి పై గదిలో దిగిన ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఆ ఘాటుకు భార్యకు తల తిరిగి వాంతులవుతున్నాయన్నాడు. సంపత్ మెట్లెక్కాడు. రెబెకా గుడ్డ పిండుతూ చెవులు అటే పెట్టింది. అతను గొంతు పెంచలేదు. నెలకు రావలసిన క్యాన్ సగం నెలకే ఎలా ఖాళీ అవుతోందని అడుగుతున్నాడు. రెబెకాకు లోపల తీయగా అనిపించింది. తుడిచిన బండనే మళ్లీ తుడిచింది.

మధ్యాహ్నం అన్నం గిన్నెలు విప్పే వేళకు మంజుల చేతిసంచితో కిందికి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"రేపట్నుంచి రావద్దన్నడు అక్కా."

"ఎందుకట?" అంది రెబెకా, ఏమీ ఎరగనట్టు.

"లిక్విడు దుబారా చేస్తున్ననట. ఇంటికి మోసుకపోతున్ననని గూడ అనుమానం." మంజుల సంచి పిడిని వేలికి చుట్టుకుంది. "నాకు వాసన తెల్వదక్కా. కరోనా వచ్చిపోయినంక ముక్కు బందైంది. పొయ్యి మీద కూర మాడినా తెలుస్తలేదు. చెప్తె పనియ్యరని ఎవ్వలకు చెప్పలే. అందుకే రోజు నిన్ను అడుగుడు. ఇన్నొద్దులు నీ ముక్కు మీదనే ఎల్లదీసిన."

కలిపిన ముద్ద రెబెకా చేతిలోనే ఉండిపోయింది. దాన్ని గిన్నెలోనే వదిలి, "నేను సారుతోని చెప్త" అంది.

"ఏమని చెప్తవు?"

రెబెకా వేళ్లకంటిన మెతుకులు గిన్నె అంచుకు తుడిచింది. "నువ్వు మంచిగ తుడుస్తవని" అంది చివరికి.

"వద్దక్కా. నా మీది కోపం నీ మీద తీస్తడు."

భర్త ఒక్కడి జీతంతో ఇక్కడ కిరాయి కట్టలేమనీ, తాను హుస్నాబాద్‌లో అత్త దగ్గరికి పోతున్నాననీ చెప్పింది మంజుల. తన గిన్నెలోని కూర రెబెకా గిన్నె మూతలోకి వంపింది. ఈసారి రెబెకా దాన్ని జరపలేదు. మంజుల కుళాయి దగ్గర గిన్నె కడుక్కొని, ఆమె భుజం మీద చెయ్యి వేసి, పోయొస్తనని చెప్పి గుమ్మం దాటింది. కదిలినప్పుడు చీరలోంచి ఆ వాసన గుప్పుమంది. తాను అంత వాసన మోసుకుపోతున్నట్టు ఆ పిల్లకు తెలియదు.

చెయ్యి కడుక్కొని రెబెకా కౌంటర్ దగ్గరికి నడిచింది.

"తప్పు మంజులది కాదు సార్. వాసన వస్తలేదని నేనే అబద్ధం చెప్పిన. అందుకే ఎక్కువ పోసింది."

సంపత్ ఫోన్‌లోంచి తల ఎత్తాడు. "ఎవలదైతే ఏంది రెబెకమ్మా, అయిపోయింది. కింద చెయ్యనీకె ఇంకో మనిషి వస్తది. పైన నువ్వే చూస్కో" అన్నాడు.

ఆమె రోడ్డు మీదికి వచ్చి బస్టాండు వైపు చూసింది. ఆటోలు, అరటిపండ్ల బండి, స్టేషన్‌లోకి ఉరుకుతున్న మనుషులు. మంజుల కనపడలేదు.

సాయంత్రం కలుక్కుమనే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటూ పై అంతస్తుకు ఎక్కింది. వరండా కొసన సామాన్ల గదిలో ఊదారంగు క్యాన్ ఉంది. ఇన్నాళ్లు కోరుకున్నది చేతికొచ్చాక మూత తిప్పి వంగింది. ఘాటు గొంతుకు అడ్డంపడి దగ్గొచ్చింది. మూత బిగించి, గాలి కోసం కిటికీ రెక్క తోసింది.

కిటికీ గట్టు మీద చిన్న రేకు డబ్బా కనిపించింది. తెరిస్తే లోపల కొన్ని లవంగాలు, ఎండి ముడుచుకుపోయిన నిమ్మతొక్క, అరిగిన కర్పూరం బిళ్ల ఉన్నాయి. ఏదో ఒకరోజు వాసన తెలుస్తుందేమోనని మంజుల తీసి చూసి, తీసి చూసి, డబ్బా మూత అంచున రంగంతా లేచిపోయి తెల్లటి రేకు మెరుస్తోంది.