భాగానికొచ్చిన నొప్పి

పొద్దున ఆరున్నరకు ధనకోటి విభూది పెట్టుకుని, చెప్పులు గడప దగ్గరే వదిలి, తిరుత్తణి కొండకు బయలుదేరేవాడు. మూడువందల అరవై ఐదు మెట్లు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఎక్కడా నిలబడకుండా ఎక్కేవాడు. ఎంత భక్తో అని కొత్తవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. నేతగాళ్ళ వీధికి మాత్రం అసలు సంగతి తెలుసు. ఆయన మెట్లెక్కేది కొండమీది స్వామి కోసం కాదు, పక్కింట్లో ఉన్న తమ్ముడు దామోదరం కోసం.

అన్న కొండెక్కుతుంటే కింద వీధిలో తమ్ముడి మగ్గం తడబడేది. నూరో మెట్టుకు చప్పుడు నెమ్మదించేది, రెండువందలకు ఆగి ఆగి ఆడేది, ఆ తర్వాత నిలిచిపోయేది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు చెవి ఒగ్గి విని, "పెద్దాయన పైకి చేరినట్టుండాడు" అనుకుని బిందెలెత్తుకునేవాళ్ళు. అన్న గుండెకు రావలసిన నొప్పి తమ్ముడి గుండెకు వచ్చేది. అందులో వింతేమీ లేదు, భాగాలు అట్లా జరిగాయి.

వాళ్ళ తండ్రి అరుణాచలం మగ్గం మీదే, నాడె చేతిలో పట్టుకునే, గుండెనొప్పితో పోయాడు. పడుగులోంచి పోగును అటూ ఇటూ తీసుకుపోయే ఆ నాడె తాతలనాటి కర్రది. ఆ నాడె ఎవరి చేతిలో ఉంటే ఆ ఇంటి గుండెనొప్పంతా వాళ్ళదేనని వీధిలో అందరికీ తెలిసిందే. భాగాల రోజున, పద్ధతి ప్రకారం, పెద్దవాడు రెండు కుప్పలు పెట్టాడు, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. తండ్రి తనకు నేత నేర్పిన ఆ నాడె అంటే ధనకోటికి ప్రాణం. ఆ సంగతి దామోదరానికి తెలుసు. అందుకే మంచి మగ్గమున్న కుప్పను వదిలేసి నాడె ఉన్న కుప్ప మీద చెయ్యి పెట్టాడు.

"నొప్పితో కూడా తీసుకుంటా ఉండావు, తెలుసునా?" అని పెద్దమనుషులు అడిగారు.

"తెలుసు. వాడికి దక్కకుంటే చాలు" అన్నాడు దామోదరం.

ఆ మాటకు ధనకోటి గోడతో జవాబు చెప్పాడు. ఇంటి నడిమధ్య గోడ ఎత్తించి, తూర్పు కిటికీ తన వైపుకు వచ్చేట్టు చూసుకున్నాడు. వెలుతురు లేకపోతే నేతగాడికి చేతులున్నా ఒకటే, లేకున్నా ఒకటే. దామోదరం పట్టపగలు బల్బు వేసుకుని నేసేవాడు. కరెంటు పోతే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. ఏడేళ్ళు గడిచాయి. అన్నదమ్ముల మధ్య ఒక్క మాట లేదు.

ధనకోటికి గోడ కూడా చాలలేదు. గోడ కట్టిన ఏడాది ఆడికృత్తిక పండగకు కావడి మోసి కొండ దిగివచ్చేసరికి, తమ్ముడు మగ్గం మీద వాలిపోయాడని విన్నాడు. ఆ మరునాటి నుంచి రోజూ కొండే. కొండ దిగివచ్చాక కూడా గోడ పక్కన నిలబడి కట్టెలు కొట్టేవాడు, ఒక్క మూలుగైనా వినపడుతుందేమోనని మధ్యలో గొడ్డలి ఆపి వినేవాడు. దామోదరం ఒక్కనాడూ మూలగలేదు. మూలిగితే వాడికి పండగ అవుతుందని పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. ఒకడికి ఏడిపించాలని పట్టుదల, ఇంకొకడికి ఏడవకూడదని పట్టుదల. మొండితనం మాత్రం ఇద్దరికీ సమంగానే పంచి ఇచ్చి పోయాడు ఆ తండ్రి.

పంతొమ్మిదివందల ఎనభై ఏడో సంవత్సరం ఎండల్లో ధనకోటి మూడువందలవ మెట్టు దగ్గర కళ్ళు బైర్లు కమ్మి పడిపోయాడు. నొప్పి అనేదే లేదు. చెమట మాత్రం ధారలు కట్టింది. భార్య చెంగమ్మ ఆయన్ని రైలెక్కించి తిరువళ్ళూరులో శివప్రకాశం డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు గుండెబొమ్మ తీసి చూసి, గుండెకు నెత్తురు చాలడం లేదన్నాడు.

"నొప్పి ఉందా?"

"లేదు సార్."

"ఎప్పుడూ?"

"ఒక్కనాడూ లేదు" అన్నాడు ధనకోటి. ఆ మాట గొప్పగానే అన్నాడు.

ఇట్లా నొప్పి తెలియని గుండెలకు మందు ఎంత ఇవ్వాలో ఇంకా ఎవరికీ తెలియదని, దాన్ని కనుక్కోవడానికే తాము ఒక పరీక్ష చేస్తున్నామని డాక్టరు చెప్పాడు. చీట్లు వేసి రోగుల్ని రెండు వరసలు చేశారు. ఒక వరసకు, ఒంటికి కట్టిన పెట్టెలో గుండె కొట్టుకునే తీరు పట్టే టేపు ఏం చెబితే దాన్నిబట్టి మాత్రలు పెంచుతారు. రెండో వరసకు పెట్టె కట్టినా, నొప్పి వస్తేనే పెంచుతారు. ధనకోటికి రెండో చీటీ వచ్చింది. నొప్పి వచ్చిన వేళ రాసుకోమని ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. కొండెక్కవద్దన్నారు. ఆయన తల ఊపాడు, మరునాడే ఎక్కాడు.

మూడు నెలలు పుస్తకం తెల్లగానే ఉంది. మాత్ర మొదటి రోజు ఎంతో అంతే. మూడోసారి పోయినప్పుడు డాక్టరు చెంగమ్మను పక్కకు పిలిచాడు. "టేపు చదివేది మద్రాసులో. ఈ వరసవాళ్ళ టేపు నేను చూడకూడదు. నా చేతిలో ఉన్నది నొప్పి ఒక్కటేనమ్మా. ఈయనకు అది లేదు. ఈ మనిషి నిద్రపోయినట్టే పోవచ్చు, తనకే తెలీదు" అన్నాడు.

చెంగమ్మ రైలు దిగి తిన్నగా మరిది గడప తొక్కింది. ఏడేళ్ళలో అదే మొదటిసారి. దామోదరం బల్బు కింద పోగు అతుకుతున్నాడు.

"ఏం వదినా, మీ ఆయనకు చెప్పి వచ్చినావా?"

"చెప్పుంటే రానిస్తాడా? ఆ నాడె ఇచ్చెయ్ నాయనా. నొప్పి ఆయనకు వస్తేనే డాక్టరు మాత్ర పెంచేది."

"భాగం భాగమే. పదిమంది ముందర ఏరుకున్నాను."

"ఆయన పోతాడు."

"పోనీ. నా రొమ్ము చల్లబడతాది."

చెంగమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. "చల్లబడతాదిలే. పోయేది కూడా ఆయనకు తెలీదంట, నిద్రపోయినట్టు పోతాడంట. నొప్పంతా నువ్వు పడు, ఆయన సుఖంగా పోతాడు. బాగానే పంచుకున్నారు అన్నదమ్ములు!" అని విసురుగా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం దామోదరం మగ్గం ఆడలేదు. కొండమీద ఎవరూ లేరు, అయినా ఆడలేదు.

మరునాడు ధనకోటికి పెట్టె కట్టుకునే రోజు. రొమ్మంతా తీగలు, నడుముకు పెట్టె, పైన తుండు. కొండ దారిలో కాలు పెట్టాడో లేదో, దామోదరం వీధిలోకి వచ్చాడు. చేతిలో నాడె ఉంది. కొళాయి దగ్గర బిందెలు ఎక్కడివక్కడ ఆగాయి.

"ఏడేండ్లు మోసినాను! నొప్పి లేకుండా పోదామనుకుంటా ఉండావా? అంత సుఖం నీకెందుకురా? ఇదో, నాకొద్దు ఈ దరిద్రం. పడు! నువ్వే పడు!" అని నాడెను విసిరాడు. అది ధనకోటి కాళ్ళ దగ్గర పడి దొర్లింది. దామోదరం ఉమ్మేసి లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

ధనకోటి నాడె తీసి తుండుతో తుడిచి నడుముకు దోపుకున్నాడు. గెలిచానని నవ్వుకుంటూ మెట్లెక్కాడు. నలభయ్యో మెట్టు దగ్గర నవ్వు పోయింది. రొమ్ము మీద రోలు పెట్టి ఎవరో రుబ్బుతున్నట్టయింది. నొప్పి ఎడమ చేతిలోకి దిగింది, దవడలోకి ఎక్కింది. "అమ్మా" అని ఆయన పెట్టిన కేకకు మెట్ల మీద పూలమ్మే ముసలమ్మ బుట్ట వదిలి వచ్చింది. కూలబడి, ఏదో ఒకటి పట్టుకోవాలని నాడె చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు చూశాడు. కర్ర పొడుగునా, రెండు పక్కలా, పళ్ళ గాట్లు. ఒకదాని మీద ఒకటి, వేలు పెట్టడానికి నున్నటి చోటు లేదు. కొన్ని పాతబడి నల్లబారాయి, కొన్ని నిన్నటివో మొన్నటివో, ఇంకా తెల్లగా ఉన్నాయి.

తనకు నలభై మెట్లకే ఇంత నొప్పి. రోజూ తాను ఎక్కింది మూడువందల అరవై ఐదు. ధనకోటి నడిమెట్ల మీద, దారినపోయే జనం చూస్తుండగా, సిగ్గుతో ఏడ్చాడు. తర్వాత పుస్తకం తీసి మొదటిసారి వేళ రాశాడు.

తిరువళ్ళూరులో డాక్టరు ఆ పేజీ చూశాడు. "ఎన్నాళ్ళుగా ఈ నొప్పి?"

"ఏడేండ్లు సార్."

"మరి ఇన్నాళ్ళు చెప్పలేదే?"

"నా దగ్గర లేదు సార్. మా తమ్ముని దగ్గర ఉండె."

డాక్టరు తల ఊపి, 'ఏడేళ్ళు' అని రాసుకుని, మాత్ర రెండింతలు చేశాడు. మరుసటి నెల మూడింతలయింది. ధనకోటి ఆ ఏడాది పోలేదు, పై ఏడాదీ పోలేదు. దామోదరం ఆ నాడెను చావమని విసిరాడా, బతకమని విసిరాడా అని వీధి ఇప్పటికీ రెండుగా చీలి వాదించుకుంటుంది. వెళ్ళి అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఆ రోజు నాడెతో కొండ దిగివచ్చిన వారానికే, ఒక పొద్దున, ధనకోటి ఉలి, సుత్తి తీసుకుని నడిమిగోడ ముందు, తూర్పు కిటికీకి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. మేస్త్రీని పిలుస్తానని చెంగమ్మ అంటే కసిరాడు. నాలుగు దెబ్బలకు సున్నం రాలింది. ఐదో దెబ్బకు నొప్పి వచ్చింది. సుత్తి జారిపోయింది. గోడకు వీపు ఆనించి జారి కూర్చుని, నాలుక కింద మాత్ర పెట్టుకుని, ఏ దాపరికం లేకుండా గట్టిగా మూలిగాడు.

గోడ అవతల మగ్గం ఆగింది. తర్వాత అటువైపు నుంచి గడ్డపార దెబ్బ ఒకటి పడింది. రెండోది పడింది. ఇటుక ఒకటి కదిలి, సందులోంచి దుమ్ముతో పాటు దామోదరం గొంతు వచ్చింది.

"పక్కకు జరుగు. ఇటిక నెత్తిన పడితే ఆ నొప్పి కూడా నా మీదికే తోస్తావు."