బీట్‌రూట్ అని చెప్పిన ఎరుపు

లిప్‌స్టిక్‌లలో నిషేధించిన రంగులు ఉన్నాయేమో పరీక్షించడం అన్నెగ్రెట్ ఉద్యోగం. జర్మనీలోని ఫ్రైబుర్గ్ ప్రయోగశాలలో ఇరవై ఏళ్లుగా అదే పని. ఆ మంగళవారం పొద్దున పరీక్షపలక మీద ఎనిమిది చుక్కలు పెట్టింది. ఏడు లిప్‌స్టిక్‌లవి. ఎనిమిదోది ఏమీ కలపని ద్రావణం. అక్కడ ఏ రంగూ కనిపించకూడదు. కానీ గులాబీ మచ్చ తేలింది.

"దీన్నెవరు ముట్టుకున్నారు?" అని అరిచింది.

పక్క బల్ల దగ్గర పనిచేసే డెట్లెఫ్ నవ్వాడు. "నీ బల్లమీద ఈగ వాలాలన్నా నీ అనుమతి కావాలి కదా తల్లీ!"

గాజుసామాను మళ్లీ కడిగింది, కొత్త సీసా తెరిచింది. మళ్లీ అదే మచ్చ. ఈసారి డెట్లెఫ్ నవ్వలేదు. లైట్లార్పి అతినీలలోహిత దీపం వేశాడు. మచ్చ నారింజ రంగులో మెరిసింది.

"అన్నెగ్రెట్, నీ వేళ్లు చూసుకో."

రెండు వేలికొసలు నిప్పుకణికల్లా ఉన్నాయి.

"మూతి కూడా," అన్నాడు మెల్లగా.

గోడమీది అద్దంలో తన పెదాలు మండుతున్నట్టు కనిపించాయి. అది రోడమిన్. బట్టలకీ కాగితాలకీ వేసే రంగు, పెదాల దరికి రాకూడనిది. జేబులోంచి చిన్న డబ్బీ తీసింది. చెల్లెలు విల్ట్రూడ్ ఇంట్లో చేసి శనివారం సంతలో అమ్మే పెదాల లేపనం; పొద్దున తను వేలితో రాసుకున్నది. అన్నెగ్రెట్ కూడా అక్కడ నిలబడేది. ఎవరైనా సందేహిస్తే, "నేను ప్రయోగశాలలోనే పనిచేస్తాను, భయం లేదు" అనేది. ఒక్కసారీ పరీక్షించలేదు.

వెంటనే ఫోన్ చేసింది.

"ఇందులో ఏం కలిపావే?"

"బీట్‌రూటే అక్కా."

"అబద్ధాలాడకు. నా మూతి దీపంలా వెలుగుతోంది!"

"బీట్‌రూట్ వారానికే మట్టిరంగుకి తిరిగిపోతోంది. నెట్‌లో ఒక పొడి తెప్పించా. తినే రంగేనని రాసుంది."

"ఎప్పట్నించి?"

"ఈస్టర్ నుంచి."

ఇప్పుడు సెప్టెంబరు. అయిదు నెలలు దాటింది.

"పైవాళ్లకి చెప్తావా?"

"చెప్పక?"

"సొంత చెల్లెలి మీదా!" విల్ట్రూడ్ ఫోన్ పెట్టేసింది.

అన్నెగ్రెట్ ఫిర్యాదు రాసిచ్చింది. చెల్లెలి సరుకు కాబట్టి పరీక్ష డెట్లెఫ్ చేశాడు. గురువారానికి రూఢి అయింది, అమ్మకం ఆపేశారు. శనివారం సంతలో అన్నెగ్రెట్ ఒక్కతే బుట్ట పెట్టుకుని, అమ్మిన డబ్బీలు వెనక్కి తీసుకుంటోంది. కూతురి చెయ్యి పట్టుకుని ఒకావిడ వచ్చింది.

"పరీక్ష చేశానని మీరే కదా అన్నారు?"

"చెయ్యలేదండీ. చేసినట్టు మాట్లాడాను."

ఆవిడ డబ్బీ బుట్టలో పడేసి, కూతురి గడ్డం పట్టుకుని, పెదాలను చేతిరుమాలుతో గట్టిగా తుడిచింది.

మధ్యాహ్నానికి విల్ట్రూడ్ వచ్చింది. మిగిలిన డబ్బీలు బుట్ట పక్కన పెట్టి, అక్క మొహం చూడకుండానే, పక్కన నిలబడింది.